అగ్నిభయము, విషవాణిజ్యము

వేసవి గాలికి నిప్పురవ్వ తోడై తాటాకుటిండ్లు వరుసగా బుగ్గియగుట చూచిన తెలుగువానికి అగ్నిభయమన నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ భయము న్యాయమైనది. కాని న్యాయమైన భయమునే మూలధనముగా పెట్టి వర్తకము సాగించువారు లోకమున కలరు. గడచిన యేబది యేండ్లుగా, నిప్పంటకుండ కాపాడెదమను పేరిట పసిబిడ్డల దుస్తులలోను, పరుపులలోను, సోఫాలలోను, టెలివిజను పెట్టెలలోను బ్రోమిను, క్లోరినులతో కూర్చిన అగ్నినిరోధక రసాయనములను నింపి అమ్మిన వాణిజ్యము అట్టిది. దీని ముఖ్యరంగము అమెరికా. దీని శేషము మన ముంగిట పడినది. కావున ఆ దేశపు కథను ముందు చెప్పి, పిమ్మట మన మాటకు వత్తుము.

1970ల తొలినాళ్లలో అమెరికా ప్రభుత్వము పసిబిడ్డల రాత్రి దుస్తులు నిప్పు సోకినను సులభముగా మండరాదని నియమము చేసినది. ఉద్దేశము మంచిదే. నియమమును తీర్చుటకు మిల్లులవారు పట్టిన మార్గమేది? ట్రిస్ అను బ్రోమిను రసాయనమును బట్టకు పట్టించుట. కొన్ని దుస్తుల తూకములో నూటికి అయిదు పాళ్ల వరకు ఆ రసాయనమే యుండెడిది. 1977 జనవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనువారు దానిని సూక్ష్మజీవులపై పరీక్షించి, అది జీవకణపు డి.ఎన్.ఏ.ను మార్చునదనియు, అట్టి పదార్థము కాన్సరు తేగలదనియు 'సైన్స్' పత్రికలో ప్రకటించిరి. ఆ దేశపు కాన్సరు సంస్థ జరిపిన పరీక్షలలో ట్రిస్ తిన్న ఎలుకలకు మూత్రపిండములలో కంతులు పుట్టినవి. ఏప్రిలులో నిషేధము వచ్చినది. మరుసటి యేట, ఆ దుస్తులు తొడిగిన పిల్లల మూత్రములో ట్రిస్ విరిగి యేర్పడిన పదార్థము కనబడినదని తేలినది. అనగా చొక్కాలోని విషము చర్మము దాటి రక్తమునకు పోయి మూత్రమున దిగుచుండెనన్నమాట. తల్లి తన చేతులతో తొడిగిన బట్ట! (ఈ బ్లమ్ అనునామె ఆ 1978లోనే హిమాలయమున అన్నపూర్ణా శిఖరమునకు మహిళాబృందమును నడపినది. పర్వతముకన్న కంపెనీలే కఠినమైనవని ఆమెకు తరువాత తోచియుండును.)

నిషేధము వచ్చిన పిమ్మట కొట్లలో మిగిలిన సరకు ఏమి కావలెను? కాల్చివేయుటయో పాతిపెట్టుటయో ధర్మము. వర్తకులు ఓడల కెత్తించిరి. తమ బిడ్డకు పనికిరాదని తమ ప్రభుత్వమే తేల్చిన బట్ట పరదేశపు బిడ్డకు పనికివచ్చునని వారి లెక్క. ఆ యెగుమతిని ఆపుటకు 1978వ సంవత్సరము రావలసి వచ్చినది. నడుమ ఆ బట్ట తొడిగికొన్న బిడ్డకు చర్మము లేదా? మూత్రపిండములు లేవా? స్వదేశమున నిషేధము, పరదేశమున వ్యాపారము అను ఈ నీతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. కథ చివర ఇది మరల మనకు ఎదురగును.

బ్రోమిను ట్రిస్ పోయినది. దాని దాయాది క్లోరిను ట్రిస్ దాని స్థానమున దిగినది. 1978లో అదే ప్రయోగశాల దానిని కూడ పరీక్షించి అదియు డి.ఎన్.ఏ.ను మార్చునదే యని చెప్పినది. మిల్లులవారు దుస్తులనుండి దానిని తామే తీసివేసిరి. కథ ముగిసినదని లోకము నమ్మెను. కాని దుస్తులలో కూడనిది సోఫాలలో చేరెను. 2011లో పసిబిడ్డల కుర్చీలు, పరుపులు మొదలగు 101 ఫోము వస్తువులను పరీక్షింపగా నూటికి ఎనుబదింట అగ్నినిరోధకములు కనబడినవి. వానిలో తరచుగా కనబడినది ఈ క్లోరిను ట్రిసే. మరుసటి యేట 102 సోఫాలను చూడగా నూటికి ఎనుబదియైదింట ఏదో యొక అగ్నినిరోధకము ఉండెను. ఆ 2011లోనే కాలిఫోర్నియా ప్రభుత్వము క్లోరిను ట్రిస్‌ను కాన్సరు కారకముల పట్టికలో చేర్చినది. ఒక కార్యాలయము కాన్సరు కారకమని పట్టికలో వ్రాయుచుండెను. వేరొక కార్యాలయము విధించిన నియమమే దానిని ప్రతి యింటి సోఫాలోనికి త్రోయుచుండెను. ఆ దేశమునకు చదువులకు పోయిన మన బిడ్డలు, ఎవరో వీథిలో వదలిన పాత సోఫాను మోసికొనిపోయి గదిలో వేసికొనుట మనమెరుగని సంగతి కాదు. ఆ ధూళిలో వారికిని వాటా కలదు.

ఆ నియమమెట్టిదో వినుడు. 1975లో కాలిఫోర్నియా రాష్ట్రము 117వ సాంకేతిక ప్రకటన యను పేరిట ఒక పరీక్ష పెట్టెను. సోఫా లోపలి ఫోము ముక్క ఒకటి చిన్న మంటకు 12 సెకనులు నిలువవలెను. ఆ రాష్ట్రపు బజారు పెద్దది గనుక దేశమంతట తయారీదారులు దానినే అనుసరించిరి. కాని యింటిలో మంట మొదట అంటునది ఫోముకా, పై గుడ్డకా? పసివానికైనను తెలియు విషయమిది. పై గుడ్డ అంటుకొన్న పిమ్మట లేచు మంట ఆ చిన్న మంటకు ఎన్నో రెట్లు పెద్దది. ఆ రసాయనము దానిని ఆపలేదు. తలుపు బయట దొంగ లేనప్పుడు తాళము గట్టిదని చూపుట వంటి పరీక్ష ఇది. అట్టి పరీక్ష కొరకు ముప్పదియెనిమిది యేండ్లు కోట్లమంది యిండ్లలో విషము నింపిరి. 2013లో కాని ఆ నియమము మారలేదు. అప్పుడు పెట్టిన కొత్త పరీక్ష పై గుడ్డపై సిగరెట్టు నిప్పు కనలుటను చూచునది. రసాయనము లేకయే దానిని తీర్చవచ్చును.

ఈ రసాయనములు చేయు పని సైతము చెప్పినంత శుభ్రమైనది కాదు. మంటలో వేడికి బ్రోమినో క్లోరినో విడివడి, మంటను పెంచు కణములను పట్టి దాని గొలుసును తెంచును. నిజమే. కాని ఆ తెంపుచేతనే దహనము సగములో నిలిచిపోయి పొగయు, మసియు, కార్బను మోనాక్సైడు అను విషవాయువును హెచ్చగును. అగ్నిప్రమాదములలో చచ్చువారిలో పెక్కుమంది పొగచేతనే చత్తురు. ఇక మంట లేని రోజుల మాట. అనగా ఇంటి ఆయుష్షులో దాదాపు అన్ని రోజుల మాట. ఈ రసాయనములలో పెక్కు ఫోముతో అతుకుకొని యుండవు, కలిపి యుండును అంతే. కూర్చున్నప్పుడెల్ల కొంచెము కొంచెముగా బయటికి వచ్చి ధూళిలో చేరును. ధూళి నేలపై ప్రాకు బిడ్డ చేతికంటును; చేయి నోటికి పోవును. కొన్ని కొవ్వులో కరగి యేండ్ల తరబడి ఒంటిలో నిలుచును. స్వీడను దేశమున 1972 మొదలు 1997 వరకు దాచిన చనుబాలను పరీక్షింపగా, అందు పి.బి.డి.ఇ. యను జాతి అగ్నినిరోధకముల పరిమాణము దాదాపు అయిదేండ్లకొకసారి రెండింతలగుచు వచ్చినది.

ఇంత నిష్ఫలమైన నియమము ఇంత కాలమెట్లు నిలిచినది? దానికి ఇద్దరు పోషకులు కలరు. ఇండ్లలో సోఫాలను తగులబెట్టిన ముఖ్యదోషి సిగరెట్టు. తనంతట ఆరిపోవు సిగరెట్టును చేయుడని జనులడుగగా, సిగరెట్టును మార్చుటకన్న సోఫాను మార్చుట పొగాకు కంపెనీలకు లాభకరముగా తోచినది. రెండవ పోషకుడు రసాయనముల వర్తకుడే. 2012లో 'చికాగో ట్రిబ్యూన్' పత్రిక ఈ బాగోతమును బయట పెట్టినది. అగ్నిరక్షణ కొరకు పాటుపడు పౌరుల సంఘమని పేరు పెట్టుకొని శాసనసభల చుట్టు తిరిగిన సంఘమొకటి యుండెను. దాని సభ్యులు పౌరులు కారు, ప్రపంచములోని పెద్ద అగ్నినిరోధక కంపెనీలు మూడు. ఆ సంఘము పక్షమున పేరుమోసిన వైద్యుడొకడు శాసనసభ యెదుట నిలిచి, రసాయనము లేని దిండుపై కొవ్వొత్తి మంటకు కాలి చనిపోయిన పసిబిడ్డ కథను కంటతడి పెట్టునట్లు చెప్పెను. పత్రికవారు విచారింపగా అట్టి బిడ్డ లేదు. పుట్టని బిడ్డ శవమును చూపి పుట్టిన బిడ్డల నోటిలో విషము పోసిరి. మేము ఇరువదియేండ్లకు పైగా కోర్టులలో సాక్షులను చూచుచున్నాము. అబద్ధసాక్ష్యము కొత్త కాదు; కాని ఇంత మంది బిడ్డలకు దాని ఖర్చు పడిన కేసు మాకు వేరొకటి తెలియదు.

మిషిగన్ రాష్ట్రపు సంగతి ఇంకను ఘోరము. 1973లో అక్కడి రసాయన కర్మాగారమొకటి రెండు సరకులను చేయుచుండెను: పశువుల దాణాలో కలుపు మెగ్నీషియం పొడి యొకటి, పి.బి.బి. యను అగ్నినిరోధకము మరియొకటి. రెంటి వ్యాపారనామములు దాదాపు కవలలు. బస్తాలు తారుమారై అగ్నినిరోధకము దాణా మిల్లునకు పోయినది. ఆవులు మేత మానినవి, పాలు తగ్గినవి, దూడలు చచ్చినవి, గిట్టలు వంకరలై పెరిగినవి. రైతులు మొరపెట్టిన నెలల తరబడి, మీ పశుపోషణ లోపమని వారికి జవాబు. 1974లో నిజము తెలిసి, చివరకు సుమారు 30,000 పశువులను, 15 లక్షల కోళ్లను చంపి పాతిపెట్టిరి. అప్పటికే ఆ రాష్ట్రపు జనులు నెలల తరబడి ఆ పాలు త్రాగి, ఆ మాంసము, గ్రుడ్లు తినియుండిరి. ఇప్పటికిని అక్కడివారి నెత్తురును పరీక్షించుచు, వారి సంతానమును కనిపెట్టుచు ఎమరీ విశ్వవిద్యాలయమువారు పట్టిక నడపుచున్నారు. ఒక్క పొరపాటు బస్తా కథ యిది. పొరపాటు లేకుండ, బుద్ధిపూర్వకముగా, నియమము ప్రకారము ఇండ్లలో నింపినది ఎన్ని బస్తాలో ఊహింపుడు.

కాన్సరు తెచ్చునన్న మాటకు రుజువేమని అడుగువారికి జవాబు చెప్పవలసియున్నది. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమందలి అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2013లో పైన చెప్పిన పి.బి.బి.ని, 2016లో కంప్యూటరు పలకలలో వాడు టెట్రాబ్రోమోబిస్ఫినాల్‌ను, 'బహుశః మనుష్యులకు కాన్సరు కారకము' అను వర్గమున చేర్చినది. పెంటా యను పి.బి.డి.ఇ. మిశ్రమము ఎలుకలకు, చుంచెలుకలకు కాలేయపు కంతులు తెచ్చుననుటకు స్పష్టమైన సాక్ష్యము కలదని అమెరికా ప్రభుత్వపు విషపరీక్షా విభాగము 2016లో నిర్ణయించినది. 2017లో డ్యూక్ విశ్వవిద్యాలయమువారు, ఇంటి ధూళిలో డెకా యను జాతి హెచ్చుగా నున్నవారిలో థైరాయిడ్ గ్రంథి కాన్సరు రెండింతలకు మించి కనబడినదనిరి. 2024లో ప్రకటితమైన వేరొక పరిశోధనలో, సుమారు 1,100 మంది అమెరికనుల నెత్తురును 2003, 2004లలో కొలిచి వారిని పదునైదేండ్లకు పైగా కనిపెట్టగా, పి.బి.డి.ఇ.లు హెచ్చుగా నున్న మూడవవంతువారు తక్కువగా నున్న మూడవవంతువారికన్న దాదాపు నాలుగింతల వేగముతో కాన్సరుచే మరణించుచుండిరి.

ఇందు ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. రెండు సంగతులు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి మరియొకదానికి కారణమని కోర్టులో తేలదు. అతిశయోక్తి మన పక్షమునకు మేలు చేయదు. 2024లో నల్లని ప్లాస్టికు గరిటెలలో ఈ విషములను కనిపెట్టిన పరిశోధకులు, గుణకారములో ఒక సున్న తప్పి, అపాయమును పదింతలు చేసి చూపిరి, తరువాత దిద్దుకొనిరి. కంపెనీలవారు ఆ సున్నను పట్టుకొని మొత్తము కేసే కొట్టివేయుడనిరి. సున్న తప్పినది గాని గరిటెలోని విషము తప్పలేదు. ఆహారము త్రిప్పు గరిటెలోనికి టెలివిజను పెట్టెలోని రసాయనము ఎట్లు వచ్చినదో చెప్పవలసినవారు లెక్క తప్పిన పరిశోధకులా, గరిటె అమ్మినవారా?

అసలు చిక్కు ఇక్కడనే యున్నది. ముద్దాయికి సంశయలాభము ఇచ్చుట న్యాయశాస్త్రపు ఘనత. మనుష్యుని ప్రాణము, స్వేచ్ఛ ఒకసారి పోయిన తిరిగి రావు గనుక ఆ నియమము పుట్టినది. ఈ వర్తకులు ఆ లాభమును మనుష్యునినుండి లాగికొని రసాయనమునకు కట్టబెట్టిరి. రసాయనము పౌరుడు కాదు; దానికి పౌరహక్కులు లేవు. నేరము పూర్తిగా రుజువగువరకు అది నిర్దోషియే యని విడిచిపెట్టినచో, రుజువనగా ఏమి? కొన్ని వేలమంది రోగులు, కొన్ని వందల సమాధులు, వానిని లెక్కించుటకు ముప్పది యేండ్లు. ఈలోగా ఆ అణువు పేటెంటు తీరిపోవును. దాని తమ్ముడు బజారున దిగును. మరల మొదటినుండి రుజువు చేయుడందురు. బ్రోమిను ట్రిస్ తరువాత క్లోరిను ట్రిస్, పెంటా తరువాత డెకా. ఇది న్యాయవిచారణ కాదు, వాయిదాల వ్యాపారము.

మన దేశపు ధర్మాసనము ఈ విషయమున వెనుకబడి లేదని గర్వముగా చెప్పవచ్చును. 1996లో వెల్లూరు తోళ్ల కర్మాగారముల కేసులో సుప్రీంకోర్టు, హాని లేదని నిరూపించు భారము పరిశ్రమ నడపువానిపైననే యుండునని తీర్పు చెప్పినది. 1999లో హైదరాబాదు నగరమునకు త్రాగునీరిచ్చు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల కేసులో జస్టిస్ జగన్నాథరావుగారు ఆ సూత్రమును మరింత విపులముగా వ్యాఖ్యానించిరి. చెరువులకు వర్తించిన సూత్రము ఉయ్యాలకు వర్తింపదా?

అయితే ఇండ్లు తగులబడనిత్తురా యని కొందరడుగుదురు. సిగరెట్టును తనంతట ఆరిపోవునట్లు చేయుమను శాసనమును 2004లో న్యూయార్కు రాష్ట్రము అమలునకు తెచ్చినది. 2011 నాటికి ఆ దేశపు రాష్ట్రములన్నియు అట్టి శాసనములు చేసినవి. పొగను చూచి కూతపెట్టు యంత్రము కలదు. ఒంటికి అంటిపెట్టుకొని యుండు నూలు రాత్రి దుస్తులు రసాయనము లేకయే చాలునని 1996లో అమెరికా ప్రభుత్వమే ఒప్పుకొన్నది. నిప్పునార్పు వీరుల సంఘములే ఈ రసాయనములను వలదనుచున్నవి. వారి వృత్తిని పైన చెప్పిన లియాన్ సంస్థ 2022లో నిశ్చయమైన కాన్సరు కారకముల వర్గమున చేర్చినది. వారు పీల్చు పొగలో మసి, ఆస్‌బెస్టాసు మొదలగునవి పెక్కు కలవు. అందు ఈ రసాయనముల పొగ కూడ కలదు. మంటలోనికి దూకువాడే వలదనుచుండగా, లాభమునకు దూకువాడు కావలెనని యేల పట్టుపట్టవలెను?

ఇక మన యిల్లు. స్టాక్‌హోం ఒడంబడికను మన దేశము 2006లో స్వీకరించినది. 2009లో పెంటా, ఆక్టా జాతులు, 2013లో హెచ్.బి.సి.డి., 2017లో డెకా ఆ ఒడంబడిక జాబితాలో చేరినవి. 2018లో మన ప్రభుత్వము ఏడు విషములను నిషేధించు నియమములు చేసినది. అందు పెంటా, ఆక్టా, హెచ్.బి.సి.డి. కలవు. డెకా పేరు ఆ యేడింటిలో లేదు. నాలుగింట మూడు తలుపులు మూసి నాలుగవది తెరచియుంచుట కాపలా కాదు. విద్యుత్ పరికరముల వ్యర్థములను గురించిన నియమములు కొత్త వస్తువులలో ఈ జాతులు నూటికి 0.1 పాలు మించరాదనుచున్నవి. కొత్త వస్తువుల మాట సరే. పాతవానిలో నున్నది ఎక్కడికి పోవును?

అది ఢిల్లీలోని సీలంపూరు వంటి పేటలకు పోవును. అక్కడ సుత్తియు, మంటయు, ఆమ్లపు బకెట్టును తప్ప వేరు సాధనములు లేని పేదలు పాత కంప్యూటర్లను పగులగొట్టి రాగిని, బంగారమును తీయుచున్నారు. తీగలపై ప్లాస్టికును కాల్చినప్పుడు బ్రోమిను కలిసిన డయాక్సినులు లేచును. మిగిలిన నల్లని ప్లాస్టికు ముక్కలై, కరగి, మరల బొమ్మయగును. 2017లో 26 దేశములలో కొన్న ఘనాకారపు తిప్పుడు బొమ్మలు మొదలగు ప్లాస్టికు వస్తువులను పరీక్షింపగా నూటికి తొంబదింట ఆక్టాయో డెకాయో కనబడినది. బొమ్మకు అగ్నిభయమేమి? దానిలో ఆ రసాయనమును ఎవరును కోరి వేయలేదు. పాత టెలివిజను పెట్టె బొమ్మ రూపమున మరుజన్మ ఎత్తినది. ఆనాడు పరదేశపు బిడ్డకు ఎగుమతియైన రాత్రి దుస్తుల కథకు ఇది రెండవ భాగము. ఈసారి ఓడ కూడ అక్కరలేదు. మనమే కరగించి, మనమే పోతపోసి, మన బిడ్డకే అమ్ముచున్నాము.

కావలసినది ఒక్కొక్క అణువును పట్టుకొని ముప్పదియేండ్లు వాదించు పద్ధతి కాదు. బ్రోమిను, క్లోరిను అగ్నినిరోధకములను గృహోపకరణములనుండి జాతిగా తొలగించు శాసనము కావలెను. ఐరోపావారు 2021 మొదలు టెలివిజను, కంప్యూటరు తెరల పెట్టెలలో అట్టి నిషేధమునే అమలు చేసిరి. తెరలు ఆగలేదు, ఇండ్లు కాలలేదు. వాడవలెనని పట్టుపట్టు తయారీదారుడు హాని లేదని ముందుగా తానే నిరూపింపవలెను. వస్తువుపై దాని పేరు తెలుగున సహా అచ్చువేయవలెను. బొమ్మలను బజారునకు వదలకముందు బ్రోమిను కొరకు పరీక్షింపవలెను. చేతబట్టు ఎక్స్‌రే యంత్రమొకటి చాలును. నిమిషములో జవాబు చెప్పును. పాత యంత్రములను విప్పువారిని తరిమివేయుట పరిష్కారము కాదు. వారికి ముసుగు, గాలియాడు కొట్టము, న్యాయమైన కూలి ఇచ్చి, బ్రోమిను కల ప్లాస్టికును వేరుచేయించి, మరల కరగనీయకుండ సర్కారు స్వాధీనము చేసికొనవలెను.

పఠనమందిరములందు ఈ పత్రికను చదువు పెద్దలు తమ పురపాలక సంఘమును వచ్చు సమావేశముననే మూడు ప్రశ్నలడుగవచ్చును. మన ఊరి పాత కంప్యూటర్లు, టెలివిజనులు ఎవరు కొనుచున్నారు? ఎక్కడ విప్పుచున్నారు? మిగిలిన ప్లాస్టికును ఎక్కడ కాల్చుచున్నారు? జవాబు వ్రాతమూలకముగా తీసికొనుడు.